పొడుపు కథకు ఒకే జవాబా?

పొడుపు కథల పుస్తకాలు బడుల్లో కనిపిస్తూనే ఉంటాయి. చాలావాటి తీరు ఒకటే. పైన పొడుపు, చివరి పేజీలో విడుపు. అది ఎవరు చెప్పారు, ఏ ఊళ్లో చెప్పారు, విన్నవాళ్లు ఇంకేం జవాబులిచ్చారు అన్నది ఉండదు. పొడుపు కథకు ప్రాణం పోసేదే అది. దాన్ని వదిలేస్తే మిగిలేది బిట్ పేపరు.

తోకలేని పిట్ట తొంభై ఆమడలు పోతుందనే పాత పొడుపునే తీసుకోండి. పుస్తకంలో జవాబు ఉత్తరం. కోడేరు దిక్కు తండా పిల్లవాడికి ఇప్పుడు ఉత్తరం ఎక్కడ కనిపిస్తుంది? వాడు "సెల్లుల మెసేజి సార్" అంటే తప్పని గీత పడుతుంది. చూడవలసింది జవాబును కాదు, వాడు అక్కడికి వచ్చిన దారిని. తోక ఉందా? లేదు. దూరం పోతుందా? పోతుంది. అయితే ఆ జవాబు నిలుస్తుంది. ఇంకొకడు "మందు కొట్టే డ్రోన్" అన్నాడనుకోండి. ఆమడను ఎనిమిది మైళ్లుగా లెక్కిస్తే తొంభై ఆమడలు 720 మైళ్లు. చేను మీద తిరిగే డ్రోన్ అంత దూరం పోదు, కాబట్టి ఆ జవాబు నిలవదు. దీన్నే తర్కం అంటారు. పిల్లలకు నవ్వులాటగా అందే లెక్కల పాఠం ఇది.

మరి దీనికి గౌరవం ఎందుకు లేదు? అవధానంలో సమస్యాపూరణం ఉంది, దత్తపది ఉంది, నిషిద్ధాక్షరి ఉంది. అవీ మాటలతో ఆడే ఆటలే. వాటికి సభలు, శాలువాలు. పొయ్యికాడ కూర్చుని అవ్వ పొడిస్తే మాత్రం అది పిల్లల కాలక్షేపం. చదువు రానివాళ్లకు తెలివి ఉండదనే చూపు ఈ తేడాలో దాగి ఉంది. ఆ చూపు బడిలోకి వచ్చినప్పుడు మన పిల్లలు నోరు విప్పరు.

మన అడవినుంచే పొడుపు కట్టవచ్చు. తరగతి కోసం నేను కట్టినది ఒకటి: తెల్లారకముందే రాలే పువ్వు, దండకు రాదు, కుండకు వస్తుంది. పట్నం పిల్ల పారిజాతం అంటుంది. రాలడం సరిపోయింది, కానీ పారిజాతం దండకు వస్తుంది, కుండకు రాదు. నల్లమల పిల్ల ఇప్పపువ్వు అంటుంది. ఆ పిల్లకు ఇక్కడ పుస్తకం సాయం లేదు, తెల్లవారుజామున ఇప్పచెట్టు కింద పువ్వు ఏరిన అనుభవమే సాయం. తరగతిలో ఎప్పుడూ వెనక కూర్చునే పిల్ల ఆరోజు ముందుంటుంది.

మన మాటలను రాసిపెట్టిన బయటివాళ్లు ఉన్నారు. హైమెండార్ఫ్ చెంచుల మీద రాసిన పుస్తకం 1943లో వచ్చింది. అదే ఏడాది వెరియర్ ఎల్విన్, డబ్ల్యూ. జి. ఆర్చర్ 'మాన్ ఇన్ ఇండియా' పత్రికలో భారతదేశపు పొడుపు కథల మీద రాశారు. వాళ్ల శ్రమను తక్కువ చేయనవసరం లేదు. అయినా మన పొడుపులు మన చేతిరాతలోనే ఉండాలి.

ఉపాధ్యాయ మిత్రులకు, చదువుకుంటున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నా మాట ఇది. పొడుపు రాసుకునేటప్పుడు పెంట పేరో తండా పేరో రాయండి. చెప్పినవారు ఒప్పుకుంటే వారి పేరు రాయండి. గోర్ బోలిలో విన్నదాన్ని ముందు గోర్ బోలిలోనే, తెలుగు లిపిలో రాయండి. తెలుగు అర్థం తర్వాత చేర్చండి. వచ్చిన జవాబులన్నీ రాయండి, ఓడినవి కూడా ఎందుకు ఓడాయో రాయండి. తరగతిలో "జవాబు ఏంది?" అని ఆగకుండా "ఎట్ల?" అని అడగండి. ఆ ఒక్క మాటకు పిల్లలు ఎంత మాట్లాడతారో మీరే చూస్తారు.