సున్నా నుంచి కొండెక్కడం

సముద్రం ఒడ్డున ఉన్న కొండ ఎత్తు ఎంతని రాసి ఉంటే, దాదాపు అంతా కాళ్లతో ఎక్కాల్సిందే. పీఠభూమి మీది కొండకు ఆ లెక్క వర్తించదు. అక్కడ ఎత్తులో చాలా భాగాన్ని నేలే మోసిపెడుతుంది, మనిషి ఎక్కేది మిగిలిన కాస్త మాత్రమే. హైదరాబాద్ నుంచి విశాఖ కొండలకు వెళ్లేవారికి ముందుగా తెలియాల్సిన తేడా ఇది.

తేడా ఎంతో చెప్పడానికి హైదరాబాద్‌లోని నాంపల్లి స్టేషనే చాలు. రైల్వే స్టేషన్లలో ప్లాట్‌ఫాం కొసన పసుపు బోర్డు ఉంటుంది. ఊరి పేరు కింద చిన్న అక్షరాల్లో, ఆ చోటు సముద్రమట్టానికి ఎంత ఎత్తులో ఉందో రాయడం పాత ఆనవాయితీ. నాంపల్లి 500 మీటర్లకు పైనే ఉంటుంది. విశాఖపట్నం పది మీటర్ల లోపే. 1974 ఫిబ్రవరి 1న మొదలైన గోదావరి ఎక్స్‌ప్రెస్ ఈ రెండు బోర్డుల మధ్య సుమారు 700 కిలోమీటర్లు రాత్రంతా నడుస్తుంది. కాజీపేట, వరంగల్ దాటి ఖమ్మం చేరేసరికి దిగుడు చాలావరకు అయిపోతుంది. పట్టాల వాలు అంత మెల్లగా ఉంటుంది కనుక బోగీలో భోజనం చేస్తున్నవారికి ఆ సంగతే తెలియదు. తెల్లవారి విశాఖలో కాలుపెట్టినవారు అర కిలోమీటరు కిందికి దిగివచ్చినట్టు. అక్కడ కైలాసగిరి ఎత్తు సుమారు 170 మీటర్లు, సింహాచలం గుడి సుమారు 244 మీటర్లు. గుడి దాకా ఎక్కినా నాంపల్లి ప్లాట్‌ఫాం ఎత్తులో సగానికి చేరరు. ఈ అంకెలు చూసి ‘ఇంతేనా’ అనుకునేవారే సగం దారిలో మెట్టు మీద కూలబడుతుంటారు.

ఎత్తులకు సున్నా అయిన సముద్రమట్టాన్ని నిర్ణయించడంలోనూ విశాఖకు వాటా ఉంది. దేశంలోని ఎత్తులన్నింటికీ ఆధారమైన సగటు సముద్రమట్టాన్ని సర్వే ఆఫ్ ఇండియా 1909లో ఖరారు చేసింది. ఏళ్ల తరబడి ఆటుపోట్లు కొలిచిన తొమ్మిది రేవుల లెక్కలు అందుకు పునాది. వాటిలో విశాఖపట్నం ఒకటి. నాంపల్లి బోర్డు మీది అంకెలో విశాఖ రేవు నీళ్ల కొలత కూడా కలిసి ఉందన్నమాట.

బయలుదేరేముందు కాళ్లను సిద్ధం చేసుకోవడానికి అబిడ్స్, నాంపల్లి వాసులకు నౌబత్ పహాడ్ ఉంది. ఒకప్పుడు నగారా మోగించి ప్రకటనలు చేసిన కొండ అది, పేరు అలా వచ్చిందే. చుట్టూ ఉన్న నేల నుంచి దాని ఎత్తు 280 అడుగులు, అంటే 85 మీటర్లు. రాజస్థాన్ పాలరాయితో కట్టిన బిర్లా మందిరం 1976 నుంచి దాని నెత్తిన ఉంది. అబిడ్స్ జీపీవో దగ్గర బయలుదేరి, బషీర్‌బాగ్ మీదుగా ఫతే మైదాన్‌ను చుట్టి కొండ మొదటికి చేరితే కాళ్లు వేడెక్కడానికి చాలు. ఒక పూటలో ఈ కొండను మూడుసార్లు ఎక్కి దిగగలిగినవారికి సింహాచలం మెట్లు భయపెట్టవు. నెల రోజుల ముందు నుంచి వారానికి రెండు మూడు పూటలు ఇలా నడవడం మంచి పద్ధతి. ఖరీదైన బూట్ల కన్నా ఇదే ఎక్కువ పనికొస్తుంది.

అయితే నౌబత్ పహాడ్ నేర్పలేనిది ఒకటుంది. అదే ఉక్కపోత. చెమట పట్టినంత మాత్రాన ఒళ్లు చల్లబడదు, చెమట ఆరితేనే చల్లబడుతుంది. దక్కను పొడిగాలిలో నుదుటి చెమట రెండు నిమిషాల్లో ఆరిపోతుంది. తీరంలో గాలి అప్పటికే తేమతో నిండి ఉంటుంది కనుక చెమట ఆరక కారిపోతుంది. చొక్కా వీపుకు అతుక్కుంటుంది, గుండె వేగం పెరుగుతుంది, నీళ్లతో పాటు ఉప్పూ పోతుంది. ఉత్త నీళ్లు ఎన్ని తాగినా కాళ్లు పట్టేయడానికి ఆ ఉప్పు పోవడం కూడా ఒక కారణం కావచ్చు. ఉప్పు వేసిన పలుచని మజ్జిగ సీసాడు వెంట ఉంటే మేలు. కొండెక్కితే చల్లగా ఉంటుందన్న ఆశ కూడా ఇక్కడ తీరదు. వెయ్యి మీటర్లు ఎక్కితే ఉష్ణోగ్రత సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. రెండు వందల మీటర్లకు ఒకటిన్నర డిగ్రీ కూడా రాదు. హాయినిచ్చేది ఎత్తు కాదు, గాలి. ఎండెక్కి నేల వేడెక్కాక సముద్రం మీది నుంచి గాలి మొదలవుతుంది. ఆ గాలి తగిలే వైపున నడిచేవారికీ, కొండ వెనుక మరుగున పడినవారికీ అలసటలో ఎంతో తేడా. వెలుగు రాగానే ఎక్కడం మొదలుపెట్టడం అన్నిటికన్నా మేలు. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా తగిన కాలం.

రాయి కూడా మారుతుంది. హైదరాబాద్‌ది గట్టి గ్రానైట్, గరుకుగా ఉండి పాదాన్ని పట్టుకుంటుంది. విశాఖ కొండలది ఎక్కువగా ఖోండలైట్, ఖోండు గిరిజనుల పేరు మీద పిలిచే రాయి. వానకూ ఎండకూ అది లోలోపల కుళ్లి ఎర్రమట్టిగా రాలుతుంది. కాలిబాట మీద గులకరాయిలా గట్టిగా కనిపించే ముక్క అడుగు వేయగానే పిండి అవుతుంది. పెచ్చులూడే ఈ గుణం వల్లే కొండ వాననీటిని తనలోకి పీల్చుకుంటుంది. సింహాచలంలో గంగధార ఊటకూ, కొండవాలున పనస, అనాస, సంపెంగ తోటలకూ ఆ నీరే ఆధారం.

నీటి విలువ తెలిసి కొండ మీద కాపురం పెట్టినవారు బౌద్ధ భిక్షువులు. భీమిలి దారిలో సముద్రానికి ఎదురుగా ఉన్న తొట్లకొండ 128 మీటర్ల ఎత్తు. వాననీరు నిల్వ చేయడానికి రాతిలో తొలిచిన తొట్లే ఆ పేరుకు మూలం. పక్కనే బావికొండ ఉంది, దాని పేరులోనూ నీరే ఉంది. తొట్టి అంచున నిలబడితే ఒక చూపులో కింద అలలు, పాదాల దగ్గర మంచినీటి గుంట కనిపిస్తాయి. తాగలేని నీళ్లు కళ్లెదుట అంత విస్తారంగా ఉండగా తాగే నీటిని గుక్కెడు గుక్కెడుగా కూడబెట్టిన శ్రద్ధకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

తెలుగునాట తీరపు కొండ నడకకు అసలైన బడి మాత్రం సింహాచలం గిరి ప్రదక్షిణే. ఆషాఢ పౌర్ణమికి ముందు రోజు కొండ కింద మొదటి మెట్టైన తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి జనం బయలుదేరుతారు. అడవివరం, ముడసర్లోవ, హనుమంతవాక దాటి జోడుగుళ్లపాలెం దగ్గర సముద్రాన్ని తాకి, సీతమ్మధార, కంచరపాలెం, గోపాలపట్నం మీదుగా మళ్లీ కొండ కిందికి చేరేసరికి 32 కిలోమీటర్లు. లక్షలమంది, చాలామంది చెప్పుల్లేకుండా నడుస్తారు. ఆషాఢం ఉక్క భరించలేనిది కనుక నడకలో ఎక్కువ భాగం రాత్రిపూట సాగుతుంది. దారి పొడవునా మజ్జిగ, నీళ్లు, పులిహోర పంచేవారుంటారు. ఏ వేళ నడవాలి, ఎక్కడ ఆగాలి, ఏం తాగాలి అన్న ప్రశ్నలన్నింటికీ ఈ ఆచారంలో జవాబుంది. శిక్షణ తీసుకున్న ట్రెక్కర్లు కూడా ఒక్కసారైనా ఈ గుంపులో నడవాలి.

మధ్యధరా తీరంలో ఇదే విద్య మరో రూపంలో కనిపిస్తుంది. గ్రీసులోని ఒలింపస్ 2,917 మీటర్లు, సముద్రానికి 20 కిలోమీటర్ల లోపే ఉంది. 1913లో తొలిసారి శిఖరం చేరిన ముగ్గురిలో ఇద్దరు స్విట్జర్లాండ్ వారు, దారి చూపినవాడు క్రిస్టోస్ కకాలోస్ అనే స్థానికుడు. అక్కడ వాన చలికాలంలో పడుతుంది, వేసవి పొడిగా ఉంటుంది. అందుకే పైన మంచు కరిగే వేసవే వారికి శిఖరాలెక్కే కాలం. మన తూర్పు తీరంలో వానలు జూన్ నుంచి మొదలవుతాయి కనుక కాలం తిరగబడింది. ఒలింపస్ అంత కాకపోయినా మనకూ ఒక పెద్ద తీరశిఖరం ఉంది. శ్రీకాకుళం జిల్లా మందస వైపు నుంచి కనిపించే మహేంద్రగిరి ఒడిశాలో ఉంది, 1,501 మీటర్లు. నౌబత్ పహాడ్‌తో మొదలుపెట్టి సింహాచలం దాటినవారు చేరదగిన తర్వాతి మజిలీ అదే.

ఇక దిగడం. ఎక్కేటప్పుడు ఊపిరి అలసిపోతుంది, దిగేటప్పుడు మోకాలు. రాలే ఎర్రమట్టి మీద మడమ ముందు ఆనించి బరువంతా వేస్తే కాలు జారుతుంది. మోకాలు కొద్దిగా వంచి, అడుగు చిన్నదిగా, పాదమంతా నేలకు ఆనేలా వేయాలి. చేతికర్ర పల్లం వైపు ముందు ఊని, ఆ తర్వాతే కాలు కదపాలి.