కడబంతిలో నలుగురు

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిని కూర్చున్నా ఒకటేనన్నారు పెద్దలు. హోటళ్ళు వచ్చాక న్యాయంగా ఈ సామెతకి కాలం చెల్లాలి. డబ్బిచ్చి తినేచోట మనవాడేమిటి, పరాయివాడేమిటి? మొదటిబంతేమిటి, కడబంతేమిటి? కాని చెల్లలేదండీ. నిక్షేపంలా ఉంది!

ఈ మధ్య హోటళ్ళ మీద రాసేవాళ్ళు ఎక్కువయ్యారు. అంతా రుచి గురించే. ఉప్పు చాలిందా, మసాలా మండిందా అంటారే గాని, పెట్టిన చెయ్యి ఎలా పెట్టిందో ఒక్కరూ రాయరు. మన పాత కవులు నయం. క్రీడాభిరామంలో ఓరుగల్లు పూటకూళ్ళ ఇంట్లో ఒక్క రూకకి ఏమేమి పెట్టేవారో చదువుతుంటే నోరూరుతుంది. పల్నాటి జొన్నకూటి మీద శ్రీనాథుడి పేర చెప్పుకునే చాటువులున్నాయి చూశారూ, అవి విమర్శ కాక మరేమిటి? ఇక కన్యాశుల్కంలో పూటకూళ్ళమ్మ చీపురుకట్ట పుచ్చుకుని గిరీశం కోసం మధురవాణి ఇంటిదాకా వచ్చింది. అక్కడ బాకీ పడ్డవాడు తిన్నవాడు. ఇప్పుడు నేను చెప్పబోయే చోట బాకీ ఎవరిదో మీరే తేల్చండి.

మొన్న విజయవాడలో మేం నలుగురం కలిశాం. బి.ఏ.లో ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్ళం. ఒకామె పంతులమ్మ, ఒకామె బ్యాంకు, నేను ఈ కథలూ కాకరకాయలూ. నాలుగో ఆమెకి ఉద్యోగం లేదంటారు అందరూ. ఉమ్మడి కుటుంబంలో పదకొండుమందికి ఇరవై ఏళ్ళ పైచిలుకుగా రెండుపూటలా వండి వారుస్తోంది. ఆమే అంది, "ఒసే, ఇవాళ నన్ను కుర్చీలోంచి లేవనివ్వకండే. అన్నీ నా దగ్గరికే రావాలి" అని. ఎంత చిన్న కోరిక!

హోటలు చూడ్డానికి జమాగా ఉంది. లోపల చల్లదనం, పైన గాజుదీపాల గుత్తి. మెనూ కార్డు లేదు. బల్లకి అంటించిన నలుపూ తెలుపూ గళ్ళని ఫోనుతో ఫొటో తీసి చదువుకోవాలట. చత్వారం వచ్చిన నలుగురు ఆడవాళ్ళు నాలుగు ఫోన్లు దూరంగా పట్టుకుని కళ్ళు చికిలించడం ఎవరైనా చూసి ఉంటే వినోదపన్ను కట్టేవారు.

సర్వరు కుర్రాణ్ణి పిలిస్తే "ఒక్క నిమిషం మేడమ్" అన్నాడు. ఇరవై నిమిషాలు గడిచాయి. ఈలోగా పక్కబల్ల దగ్గరికి పెద్దమనిషొకాయన కుటుంబంతో వచ్చారు. "యస్సార్" అంటూ ఇద్దరు పరుగెత్తారు. మాకంటే వెనక వచ్చినవాళ్ళకి మాకంటే ముందు సూపు వచ్చింది. మగదిక్కు లేని బల్ల అంటే కడబంతే కాబోలు.

మాకు తరవాత వచ్చాయి, వెనకా ముందూ లేకుండా. మొదట పులావు, దాని వెనక సూపు. మూడు పళ్ళేలు వచ్చాయి, నాలుగోది రాలేదు. అందరి విస్తళ్ళలోనూ పడేదాకా ముద్ద ఎత్తకూడదన్న మర్యాద పల్లెటూళ్ళో పసిపిల్లలకీ తెలుసు. రానిది ఎవరిదనుకున్నారు? ఆమెదే! "మీరు కానివ్వండే, చల్లారిపోతాయి" అంటూ గరిటె పుచ్చుకుని మాకు వడ్డించడం మొదలుపెట్టింది. వద్దన్నా వినదు. మంచినీళ్ళకోసం ఒకసారి, చెంచాకోసం ఒకసారి లేచింది కూడా. ఇంట్లో ఎలాగో ఇక్కడా అలాగే, అందరూ తిన్నాక చల్లారిన అన్నం ఆమెకి. నాకు గొంతు దిగలేదు.

కుర్రాణ్ణి తిట్టి లాభంలేదు. ఒడిశా నుంచి వచ్చాడట. తెలుగు సగమే అర్థమవుతోంది. పదిహేను బల్లలకి ఇద్దరే ఉన్నారు, వాళ్ళూ పొద్దున పదకొండు నుంచి నిలబడే ఉన్నారు. ఆ దీపాల గుత్తికి పోసిన డబ్బులో కొంతతో ఇంకో ఇద్దరిని పెట్టుకోవచ్చు. తప్పు యజమానిది, అనుమానం లేదు.

ఇక బిల్లు. పంతులమ్మ కొడుకు, పందొమ్మిదేళ్ళవాడు, మమ్మల్ని కారులో దింపడానికి అప్పుడే వచ్చి నిలబడ్డాడు. మంచినీళ్ళయినా తాగలేదు పాపం. బిల్లు తెచ్చి వాడి ముందు పెట్టారు! అందులో పది శాతం సర్వీసు చార్జీ, అక్షరాలా నూట ఎనభై నాలుగు రూపాయలు.

ఇది మీరూ గుర్తుంచుకోండి. సర్వీసు చార్జీని హోటలువాళ్ళు తమంతట తాము బిల్లులో వేయకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలైలో మార్గదర్శకాలిచ్చింది. హోటళ్ళ సంఘాలు కోర్టుకెక్కాయి. 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు ఆ మార్గదర్శకాలు సబబేనని తీర్పు చెప్పింది. జీఎస్టీ సంగతి వేరు, అది ప్రభుత్వానికి పోయే పన్ను, కట్టవలసిందే. సర్వీసు చార్జీ మాత్రం ఇష్టమైతే ఇచ్చేది. తీసెయ్యమంటే తియ్యాలి. తియ్యకపోతే ఫిర్యాదు చెయ్యడానికి 1915 అనే నంబరుంది.

పంతులమ్మ ఇదంతా పాఠంలా అప్పచెప్పింది. మేనేజరు "అందరికీ వేస్తాం మేడమ్, ఇంతవరకూ ఎవరూ అడగలేదు" అన్నాడు. మా కుర్రాడి వంక చూసి, "సార్, మీరైనా చెప్పండి" అన్నాడు. వాడు తడుముకోకుండా "అమ్మ చెప్పిందిగా" అన్నాడు. తీసేశారు.

వస్తూ వస్తూ మా నాలుగో ఆమె వెనక్కి వెళ్ళి, సంచీలోంచి రెండువందలు తీసి ఆ ఒడియా కుర్రాడి చేతిలో పెట్టింది. వాడు నోటు కేసీ మేనేజరు కేసీ మార్చి మార్చి చూశాడు.

"ఏమిటే ఇది, ఇంతసేపు పోట్లాడి!" అంది బ్యాంకు ఆమె.

"అది వేరు, ఇది వేరు. నిలబడి వడ్డిస్తే కాళ్ళెంత లాగుతాయో నాకు తెలుసులే. పదండి, మా ఇంట్లో రాత్రికి చారు పెట్టాలి" అంటూ కారెక్కింది.