మల్కిభరాముని కొలువు – అచ్చతెలుగు కావ్యం

జయించిన దేశాన్ని ఏలడం జయించడం కంటె కష్టమని చైనాను పాలించిన మంగోలు చక్రవర్తి కుబ్లాయ్ ఖాన్‌కు తెలుసు. 1271లో తన వంశానికి 'యువాన్' అనే చీనా పేరు పెట్టుకున్నాడు. అయితే అంతకు ముందే, 1269లో, టిబెట్టు లామా ఫగ్స్‌పా చేత కొత్త లిపిని చేయించి ప్రభుత్వ లిపిగా ప్రకటించాడు. అది జనంలో పాదుకోలేదు. వంశంతోపాటే మరుగున పడింది.

గోల్కొండలో జరిగింది వేరు. కుతుబ్‌షాహీల మూలపురుషుడు సుల్తాన్ కులీ మంగోలు కాడు, హమదాన్ ప్రాంతం నుంచి వచ్చిన తుర్కమాన్. కాని పరాయి సంస్కృతి గల నేలను ఏలవలసిన సమస్య అతని వంశానికీ ఎదురైంది. అతని కుమారుడు ఇబ్రహీం (1550–80) రాజ్యానికి రాకముందు ఏడేళ్లు విజయనగరంలో అళియ రామరాయల ఆశ్రయంలో ఉన్నాడు. తెలుగు కవులు అతనిని మల్కిభరాముడన్నారు. అద్దంకి గంగాధరకవి 'తపతీ సంవరణోపాఖ్యానము'ను అతనికి అంకితమిచ్చాడు. అతని ఉద్యోగి, పటాన్‌చెరువు అమీన్‌ఖాన్‌కు పొన్నెగంటి తెలగన్న 'యయాతి చరిత్రము'ను అంకితమిచ్చాడు. తొలి అచ్చతెలుగు కావ్యం ఇదే.

ఈ అంకితాలను మతసామరస్యానికి సాక్ష్యాలుగా చూపడం మనకు అలవాటు. ఆ ప్రశంసతోనే ఆగిపోతే కావ్యానికి న్యాయం జరగదు. ఆశ్రయమిచ్చిన రామరాయలపైనే 1565లో ఇబ్రహీం ఇతర సుల్తానులతో కలిసి యుద్ధానికి వెళ్లాడన్నది విస్మరించరాదు. అంకితం ప్రభువు గుణానికి యోగ్యతాపత్రం కాదు.

మరి తెలగన్న కృతి విశేషమేమిటి? కథ భారతంలోనిదే, కొత్తదనమంతా భాషలో ఉంది. సంస్కృత తత్సమాలను విడిచి తద్భవ, దేశ్యాలతోనే కావ్యం నడపడం సాహసం. సంస్కృత పాండిత్యాన్నే గౌరవ చిహ్నంగా భావించే కొలువులో ఈ ప్రయోగానికి ఇంత చోటు దొరికేదా అన్నది ఆలోచించదగినది. అయితే లోపమూ చెప్పక తప్పదు. అచ్చతెలుగు నియమం వ్రతమైనప్పుడు, అందరికీ తెలిసిన తత్సమాన్ని వదిలి ఎవరికీ తెలియని దేశ్యాన్ని వెదకవలసి వస్తుంది. పద్దెనిమిదవ శతాబ్దిలో కూచిమంచి తిమ్మకవి 'అచ్చతెలుగు రామాయణము'తో అదే బాట పట్టినా, అది రాజబాట కాలేకపోయింది.

కుతుబ్‌షాహీ ఫర్మానాలు పారశీకంతోపాటు తెలుగులోనూ వెలువడ్డాయి. అవి వ్రతం కోసం రాసినవి కావు, రైతుకూ కరణానికీ తెలియడం కోసం రాసినవి. 1966లో ఆంధ్రప్రదేశ్ అధికార భాషా చట్టం వచ్చిన తరువాత మన కార్యాలయాలు ఎదుర్కొన్న చిక్కు కూడా ఇదే. ఆంగ్లాన్ని వదిలిన చోట సంస్కృత సమాసం వచ్చి కూర్చుంటే అర్జీదారుకు ఒరిగేదేమీ లేదు. తెలుగుకు శక్తి ఉన్నదని తెలగన్న కావ్యం నిరూపించింది. దానిని వాడుకలో పెట్టే దారిని ఆ ఫర్మానాలు చూపాయి. పాలనాభాషను రూపొందించేవారు రెండింటినీ కలిపి చదవాలి.