అమృతరావు – స్థానివద్భావము

"అమృతం" అను హాస్యధారావాహిక జెమినీ టీవీయందు 2001 నవంబరు మొదలు 2007 నవంబరు వఱకు 313 భాగములుగాఁ బ్రసారమయ్యెను. గుణ్ణం గంగరాజుగారు దీని సృష్టికర్త. ముగిసి యేండ్లు గడచినను జనులు దీనిని మరల మరలఁ జూచుచున్నారు. మా సారపాక కాగితపుమిల్లు పనివారు ఫలహారశాలలో నుప్మా చెడినచో "అమృతవిలాస్" అనియే పరిహసింతురు. ఇంతటి యాదరమునకుఁ గారణమేమి?

సంభాషణచాతుర్యమని కొందఱందురు. అది చాలదు. అమృతరావు పాత్రను శివాజీరాజా, నరేశ్, హర్షవర్ధన్ అను మువ్వురు ధరించిరి. ముఖము మాఱినను రసభంగము కలుగలేదు. వైయాకరణులు దీనిని స్థానివద్భావమందురు. ఆదేశము స్థానియొక్క ధర్మములఁ బొందును. అమృతరావు ఒక వ్యక్తి కాఁడు, ఒక స్థానము: సులభముగా ధనమార్జింపఁ గోరి ప్రతివారమును భంగపడు మధ్యతరగతి గృహస్థు. కథ ముగియునప్పటికి మొదటికే వచ్చును. ఇంటి యజమాని అప్పాజీతోఁ దగవు మరల మొదలగును. ఎదుగని నాయకుఁడు కావ్యమునకు దోషము, ఇట్టి హాస్యమునకుఁ బ్రాణము.

కాని వర్ణమునే యాశ్రయించిన విధులయందు స్థానివద్భావము లేదు. ఆంజనేయులు పాత్ర యట్టిది. గుండు హనుమంతరావుగారి కంఠధ్వని, ఆ బెదరు చూపు, ఇవియే యచటఁ బ్రధానములు. వారు 2018లో దివంగతులైరి. 2020లో జీ5యందు "అమృతం ద్వితీయం" వెలువడినపుడు ఎల్.బి. శ్రీరాంగారు ఆ పాత్రను ధరించిరి. వారు సమర్థులు, నేనును నవ్వితిని. అయినను నా చెవి హనుమంతరావుగారి పలుకునకే యెదురుచూచెను.