భివండీ ఎందుకు కాలలేదు

1992 డిసెంబరులో బాబ్రీ మసీదు కూలిన కబురు చేరగానే ముంబై అంటుకుంది. జనవరిలో మళ్లీ అంటుకుంది. శ్రీకృష్ణ కమిషన్ లెక్క ప్రకారం రెండు విడతల్లో పోయిన ప్రాణాలు 900. ఆ పక్కనే ఠాణే జిల్లాలో ఉన్న భివండీ మాత్రం కదల్లేదు. ఆ ఊరి పాత చరిత్ర తెలిసినవాళ్లెవరూ అలా జరుగుతుందని అనుకుని ఉండరు. ఎందుకంటే 1970 మేలో, 1984 మేలో హిందూ ముస్లిం అల్లర్లలో ఘోరంగా కాలిన ఊరది.

భివండీ మనకు పరాయి ఊరేమీ కాదు. కరీంనగర్, నల్లగొండ వైపు నుంచి బతకడానికి వెళ్లిన పద్మశాలీలు తరాలుగా అక్కడ సాంచాలు (మరమగ్గాలు) నడుపుతున్నారు. పద్మనగర్‌లో తిరిగితే తెలుగు వినబడుతుంది. వాళ్లతోపాటు ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన మోమిన్, అన్సారీ నేతగాళ్లు, కొంకణీ ముస్లింలు, మరాఠీలు, నూలు వ్యాపారం చేసే మార్వాడీలు, గుజరాతీలు ఉంటారు. ఒకరి మీద ఒకరు ఆధారపడి బతికే చోట కొట్లాటలు రావని మనలో చాలామందికి ఒక నమ్మకం. భివండీ ఆ నమ్మకాన్ని నిలవనీయదు. నూలు అమ్మేవాడొకడు, నేసేవాడొకడు, బట్ట కొనేవాడొకడు అన్న ఏర్పాటు 1970లోనూ ఉంది, 84లోనూ ఉంది. దానివల్ల ఒక్క ఇల్లూ దక్కలేదు.

1988లో సురేశ్ ఖోప్డే అనే ఐపీఎస్ అధికారి అక్కడికి డీసీపీగా వచ్చారు. ఆయన మొదలుపెట్టిన మొహల్లా కమిటీల పేరు చాలామంది విన్నదే. నన్ను ఆకట్టుకున్నది ఆ పేరు కాదు, దాని వెనకున్న పనితనం. ఆయన ముందుగా చేసింది పాత అల్లర్లు ఎలా పుట్టాయో చదవడం. 1970 అల్లర్ల మీద జస్టిస్ మదన్ కమిషన్ ఇచ్చిన నివేదిక అప్పటికే ఉంది. పోలీసుల పక్షపాతాన్ని అది మొహమాటం లేకుండా ఎత్తిచూపింది. శివాజీ జయంతి ఊరేగింపు ఏ దారిన పోవాలి, మసీదు ముందు గులాల్ చల్లొచ్చా లేదా అన్న తగవులు ఏళ్ల తరబడి ఎలా ముదిరాయో అందులో కనబడుతుంది. పిడికెడు గులాల్ దగ్గర మొదలైంది ఊరు తగలబడేదాకా పోయింది. ఆ పిడికెడు దగ్గరే దాన్ని పట్టుకోవాలంటే వీధిలో మనుషులుండాలి. పైనున్న అధికారి ఎంత సమర్థుడైనా అతని చెయ్యి అంత దూరం పోదు.

గణేశ్ నిమజ్జనానికి ముందు మన పోలీస్ స్టేషన్లలో జరిగే శాంతి కమిటీ సమావేశాలు అందరికీ తెలిసినవే. కుర్చీలు వేస్తారు, ఇరువైపుల పెద్దలూ వస్తారు, గంగా జమునా తహజీబ్ గురించి రెండు మాటలు చెప్పి, చాయ్ తాగి వెళ్తారు. పండుగ గడిచిపోతే వాళ్లు మళ్లీ కలిసేది వచ్చే ఏడే. ఇందులో చెడు లేదు, కానీ దీనికున్న బలం కూడా అంతే.

ఖోప్డే ఆ పద్ధతిని తిరగేశారు. ఊరిని పేటలుగా విడగొట్టి 70 దాకా కమిటీలు వేశారు. ఇరు మతాలవాళ్లకూ సమానంగా చోటిచ్చారు. వాళ్లు కలవడానికి ఒక గొడవ జరిగేదాకా ఆగనక్కర్లేదు. ఏమీ లేని రోజుల్లోనే, పోలీసుల సమక్షంలో క్రమంగా కూర్చునేవారు. అసలు నైపుణ్యం, నా దృష్టిలో, వాళ్ల చేతికి అందించిన పనిలో ఉంది. మత సామరస్యం గురించి మాట్లాడమంటే ఎవరైనా ఉపన్యాసమే ఇస్తారు. పేటలో రోజూ తలెత్తే చిల్లర తగవులు తేల్చమంటే మాత్రం పక్కవాడి మాట వినక తప్పదు. కొళాయి దగ్గర వంతు, గోడ హద్దు, మురుగు కాలువ, మూలమీద చేరి ఆడపిల్లల్ని ఏడిపించే కుర్రాళ్లు లాంటివే ఏ పేటలోనైనా మనుషుల్ని విడదీసేవి. తేల్చగలిగితే కలిపేవీ అవే. ఒక తగవు తేల్చడానికి నాలుగుసార్లు కలిసి కూర్చున్నవాళ్లకు ఒకరి ఇల్లు ఒకరికి తెలుస్తుంది, ఎవరి కోపం ఎంతసేపుంటుందో కూడా తెలుస్తుంది.

అల్లరి రోజున పనికొచ్చేది ఈ ఎరుకే. ఫలానా గల్లీలో మనవాణ్ని పొడిచారట అన్న పుకారు రాత్రి పదింటికి బయల్దేరుతుంది. అప్పట్లో సెల్‌ఫోన్లు లేవు. ఆ గల్లీలో పేరుపెట్టి పిలవగలిగిన మనిషి ఒక్కడూ లేకపోతే పుకారే నిజమై కూర్చుంటుంది. ఒక్కడున్నా చాలు, వెళ్లి అడగొచ్చు. అతనూ ఇటు వచ్చి అడగొచ్చు. పోలీసుకూ ఇదే వర్తిస్తుంది. ఒకే చాప మీద రెండు మతాలవాళ్లతో నెలల తరబడి కూర్చున్న కానిస్టేబుల్‌కు లాఠీ ఎత్తేటప్పుడు ఎదుట కనబడేది గుంపు కాదు, తెలిసిన మొహాలు. మదన్ కమిషన్ చెప్పిన పక్షపాతానికి శిక్షణ తరగతుల కంటే ఇది మెరుగైన మందని నాకనిపిస్తుంది.

1992 డిసెంబరు నాటికి ఖోప్డే అక్కడ లేరు, బదిలీ అయ్యారు. తర్వాత వచ్చిన గులాబ్‌రావ్ పోల్ కమిటీలను పక్కన పెట్టకుండా నడిపించారు. ఒకరు మొదలుపెట్టినదాన్ని తనది కాదని చెత్తబుట్టలో వేయకపోవడం మన ఆఫీసుల్లో ఎంత అరుదో వేరే చెప్పాలా? ముంబై కాలింది, భివండీ ఎందుకు కాలలేదు అన్న ప్రశ్ననే శీర్షిక చేసుకుని ఖోప్డే తర్వాత ఒక పుస్తకం రాశారు. రాజకీయ శాస్త్రవేత్త అశుతోశ్ వార్షనే కూడా హిందూ ముస్లిం అల్లర్లపై తన అధ్యయనంలో భివండీని ప్రస్తావించారు.

ఈ కమిటీల లోపం కూడా వాటి నిర్మాణంలోనే ఉంది. పిలిచేది పోలీసులు కాబట్టి పోలీసులు పిలవడం మానేస్తే కమిటీ ఉండదు. 2006 జూలైలో ఖబరస్తాన్ పక్కన పోలీస్ స్టేషన్ కట్టే విషయంలో భివండీలోనే గొడవ రేగింది. కాల్పుల్లో ఇద్దరు పోయారు, గుంపు చేతిలో ఇద్దరు కానిస్టేబుళ్లు చనిపోయారు. ఈసారి తగవు హిందువులకూ ముస్లింలకూ మధ్య కాదు, పేటకూ పోలీసుకూ మధ్య. ఒక స్థలం గురించిన పేచీ అది. మొహల్లా కమిటీ చాప మీద తేలాల్సిన సరుకు.

ముంబై ఈ నమూనాను తీసుకున్నప్పుడు ఒక మార్పు చేసుకుంది. అల్లర్ల తర్వాత మాజీ పోలీసు అధికారి జూలియో రిబేరో, సుశోభా బర్వే వంటివారు అప్పటి కమిషనర్ సతీశ్ సహానీతో కలిసి అక్కడా మొహల్లా కమిటీలు వేశారు. అయితే పగ్గాలు పౌరుల ట్రస్టు చేతిలో ఉంచి, పోలీసులను భాగస్వాములను చేశారు. పేటల కుర్రాళ్లకూ పోలీసులకూ క్రికెట్ మ్యాచ్‌లు పెట్టారు. పేటలోకి దిగిన లోతులో భివండీదే పైచేయి అని నేనంటాను. కానీ కమిషనర్లు ఎందరు మారినా ముంబై కమిటీలు నడుస్తూనే వచ్చాయి.