దూరపు చుట్టము



వాడపల్లియొద్ద మూసీ కృష్ణలో కలియుచున్నది. ఆ నీరు బెజవాడ దాటి, రెండు పాయలై, దివిసీమను చుట్టుకొని సముద్రమును చేరును. 1977 నవంబరు 19, శనివారమున, ఆ సముద్రమే ఉప్పెనగా లేచి దివిసీమను ముంచెను. సుమారు 10,000 మంది మరణించిరి. పశువులు కొట్టుకొనిపోయెను, కోతకు వచ్చిన వరి పాడాయెను, త్రాగునీరు ఉప్పుమయమాయెను. మన రేవును తాకిన నీరు ఎవరి ఊళ్లకు పారుచున్నదో, వారిని దూరపువారని మనమెట్లు అనగలము?

దూరమున ఆపద కలిగినప్పుడు మన సంఘములు చేయు పని ఎట్లున్నదో కొంచెము పరీక్షించుకొందము. నా మాటలు కఠినముగా తోచినయెడల క్షమించుడి. ఈ తప్పులలో నేనును పాలివాడనే.

మొదటిది, తీర్పు తీర్చుట. గాలివాన వార్త వినగానే, అది వారి పాపమునకు శిక్ష అను మాట ప్రసంగపీఠము మీదికి వచ్చును. సిలోయములో గోపురము కూలి 18 మంది చచ్చిన సంగతి ఎత్తి ప్రభువు ఆ తలంపునే ఖండించెను. చచ్చినవారి పాపమును ఆయన తూచలేదు. బ్రదికియున్నవారినే మారుమనస్సు పొందుమనెను (లూకా 13). మనము ఆయనకంటె ఎక్కువ తెలిసినవారమా?

రెండవది, పనికిరానిది పంపుట. 2004 డిసెంబరు 26న, క్రిస్మస్ మరునాడు, సునామీ వచ్చెను. తమిళనాట నాగపట్టణము ప్రాంతమున, జాలరులు ముట్టని పాతబట్టలు రోడ్ల ప్రక్కన కుప్పలుగా పడియుండెను. ఆ దినములలో మేమును మూటలు కట్టితిమి. నేను సంతోషముతో లెక్క వ్రాసికొనుచుండగా, ఒక ముసలి తల్లి చినిగిన రవికె నొకదానిని పైకెత్తి, "అయ్యగారూ, ఇంటికొచ్చిన చుట్టానికి ఇసుంటి బట్టలు పెడతమా?" అని అడిగెను. నాకు జవాబు తోచలేదు. మన పెట్టె ఖాళీ చేసికొనుటకు ఇచ్చినది కానుక కాదు.

మూడవది, త్వరగా మరచిపోవుట. ఒక ఆదివారము కన్నీటితో ప్రార్థింతుము, చందా పట్టుదుము. ఎంత వచ్చెనో, ఎవరికి చేరెనో సంఘమునకు తెలియదు. అయితే నీరు తీసిన తరువాతనే గదా రైతుకు విత్తనమును ఎడ్లును, జాలరికి పడవయు వలయు కావలసివచ్చుట! వార్త చల్లబడిన పిమ్మటనే అక్కర ముదురును.

ఇప్పుడు అంతియొకయ సంఘమును చూడుడి (అపొ. కార్య. 11). కరవు రానున్నదని అగబు తెలుపగా, అది ఎవరి పాపమని వారు అడుగలేదు. ప్రతివాడును తన శక్తికొలది ఇచ్చుటకు నిశ్చయించుకొనెను. ఆ సొమ్మును బర్నబా సౌలుల చేత యూదయలోని పెద్దలకు పంపిరి. తరువాత పౌలు యెరూషలేములోని బీదల కొరకు చందా కూర్చినప్పుడు, ప్రతి ఆదివారము కొంత తీసియుంచుమని బోధించెను (1 కొరింథీ. 16). సొమ్ము విషయమై ఎవరును తప్పు పట్టకుండునట్లు, సంఘములు ఏర్పరచిన మనుష్యుని తోడు తీసికొనెను (2 కొరింథీ. 8). అపొస్తలుడే లెక్కకు లోబడగా, మనకు లెక్క చెప్పుట చిన్నతనమా?

"మేమే బీదలము, మా విధవరాండ్రను ఎవరు చూతురు?" అందురేమో. వారిని చూడవలసినదే. అయితే మాసిదోనియ సంఘములును నిరుపేదలే. వారు తమంతట తామే బ్రతిమాలి ఇచ్చిరి. మన స్త్రీలు ఎసట్లో పోయుటకు ముందు తీసిపెట్టు పిడికెడు బియ్యము మనకు లేదా? నెలలో ఒక వారపు బియ్యమును ఆపదలో ఉన్నవారికని ప్రత్యేకించుడి. అంతియొకయవారివలె ఆపద రాకముందే సిద్ధపడుడి. వచ్చినప్పుడు అక్కడి పెద్దలను ఏమి కావలెనో అడుగుడి, అడిగినదే పంపుడి. లెక్కను ఆరాధనలో చదివి వినిపించుడి. ఆరు నెలలు గడచిన తరువాత మరల అడుగుడి.

ఈసారి మూట కట్టునప్పుడు ఆ తల్లి అడిగిన ప్రశ్నను మీరును వేసికొనుడి. ఆపదలో ఉన్నవాడు మన గడపలో నిలిచిన చుట్టమే. ప్రభువు మన చేతులను విప్పునుగాక. ఆమేన్.