పిడికెడు బియ్యము

ఈ వారము మా చెన్నూరులో జరిగిన శ్రమకాలపు కూటమున ఒక అయ్యగారు సిలువ నెత్తుకొనుటను గూర్చి గంభీరముగా నారంభించి, ఇచ్చినదానికి నూరంతలు తిరిగివచ్చునను హామీతో ముగించిరి. దైవభక్తిలో వడ్డీలెక్క దూరుట నాకు గిట్టదని ఈ శీర్షిక చదువువారెల్లరు నెరుగుదురు.

శిష్యత్వమున కెంత వెల పడునో 1866లో బాప్తిస్మము పొందిన యెర్రగుంట్ల పేరయ్యకును, ఆయన వెంట నడచిన ఒంగోలు ప్రాంతపు మాదిగ కుటుంబములకును తెలిసియుండును. ఆదివారము పని చేయరాదు, చచ్చిన గొడ్డు మాంసము తినరాదు, విగ్రహములకు మ్రొక్కరాదు: అమెరికను బాప్తిస్టు మిషనరీ క్లౌ దొర కోరినవి ఈ మూడే. వినుటకు సులభములే గాని, కోతలనాడు వారము చూడని ఆసామి కొలువులో బ్రతుకుచు, గొడ్డు చచ్చినను జాతర వచ్చినను ఊరికి చాకిరి చేయుటయే జీవనాధారమైనవానికి, ఆ మూడింటిలో నేది పాటించినను నోటికాడి కూడు పోవును. జాతరలో డప్పు కొట్టబోమన్నందులకు ఊరిపెద్దలు కోపించి, బావినీళ్లు మాన్పించిరి, అంగళ్లలో సరుకు ఇవ్వనీయరైరి. నూరంతల మాట అప్పుడెవరైన నెత్తియుండినయెడల ఆ దాహమున కదెంత పరిహాసముగా నుండెడిదో!

తమిళదేశమునుండి 1909లో డోర్నకల్లునకు వచ్చి, 1912లో ఆంగ్లికన్ సంఘమున తొలి భారతీయ బిషప్పైన అజరయ్య మరియొక వెలను గూడ అడిగెను. సంఘము పరదేశపు ధనముపై నాధారపడక తన కాళ్లపై నిలువవలెనన్నది ఆయన పట్టుదల. కావున వంటకు కూర్చున్నప్పుడెల్ల ఇల్లాలు పిడికెడు బియ్యము వేరొక కుండలో వేసి గుడికి తెచ్చు అలవాటును ఆయన ప్రోత్సహించెను. కూలి దొరకిననే పొయ్యి వెలుగు ఇండ్లలో ఆ పిడికిలి ఎవరి కంచమునుండి తరుగునో చెప్పనక్కరలేదు. నిశ్చయము యజమానిదై పస్తు ఇల్లాలిదగు త్యాగములను మగవారు వేదికలెక్కి పొగడుట నాకు పాత కంటగింపు. ఈ అలవాటును ఖండింపవలెననియే నేను కలము పట్టితిని.

కాని వ్రాయుచుండగా చేయి ఆగినది. తరతరములు కళ్లమువద్ద కొంగుపట్టి నిలిచిన ఇంటి ఆడది, తానిచ్చినదానితో పాదిరి జీతములో కొంతభాగము నడచుచున్నదని తెలిసికొన్ననాడు, ఆమెను జాలితో వారించుటకు నేనెవడను? ఊరు ఆమెకు అడుగుట నేర్పినది. పెట్టుచేయి యగుటకు అవకాశమిచ్చినది ఆ కుండయే. ఆమె పేదరికమును సాకుగా చూపి దానిని దింపించినయెడల నేనును ఊరిపెద్దల పక్షమే చేరుదును. అయినను కరవు సంవత్సరమున కుండ నిండలేదేమని ప్రశ్నించు హక్కు సంఘపెద్దల కెవరికిని లేదు. ఏ పూట వేయవలెనో, ఏ పూట మానవలెనో ఆమెయే నిర్ణయింపవలెను.